వరసకో కాపుదారం

మా అమ్మాయికి కొండ మీద ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు అందరూ జీతమెంత అని అడిగారు. నేను ఆసుపత్రి ఎంత దూరమని అడిగాను.

"ఆసుపత్రి లేదమ్మా. గాలిని కొలిచే యంత్రం ఉంది" అంది.

వాతావరణ కేంద్రమట. గాలి ఎటునుంచి వీస్తోంది, చలి ఎంత, మబ్బు ఎంత కిందికి దిగింది అని రోజుకు నాలుగుసార్లు చూసి కింద ఆఫీసుకు చెప్పాలి. దానికోసం ఇంత చదువు చదివింది. కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్న పని అదే. నాకెవరూ యంత్రం ఇవ్వలేదు.

"పైన ఎంతమంది ఉంటారు?"

"ముగ్గురం."

"ఇద్దరికి ఒకేసారి జ్వరమొస్తే?"

"మూడోవాళ్ళు చూసుకుంటారు."

"ముగ్గురికీ వస్తే?"

"ముగ్గురం పడుకుంటాం."

ఇలాంటి సమాధానాలిచ్చే పిల్లను కొండెక్కించడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది? చేరడానికి పది వారాల గడువుంది. పదో సోమవారం హాజరు కాకపోతే ఉద్యోగం జాబితాలో తర్వాతివాళ్ళకు పోతుందని కాగితంలో స్పష్టంగా రాశారు. ఆ వాక్యం నేను నాలుగుసార్లు చదివాను. మా అమ్మాయి చూస్తుండగా రెండుసార్లు, చూడనప్పుడు రెండుసార్లు.

"నా చేత్తో నీకు స్వెటరు అల్లుతాను. అది ఒంటిమీద లేకుండా ఆ ఉద్యోగానికి గడప దాటనని మాటివ్వు" అన్నాను.

పది వారాలంటే బోలెడు సమయం అనుకుంది పాపం. నా చేతిలో చెయ్యి వేసి, "నీ స్వెటరు వేసుకోకుండా వెళ్ళను. సరేనా? ఇక అన్నం తిను" అంది. మా అమ్మాయి ఒకసారి మాటిస్తే తప్పదు. చిన్నప్పుడు ఎవరి పెన్సిలో తిరిగిస్తానని చెప్పి వానలో మూడు వీధులు నడిచి ఇచ్చొచ్చింది. ఆ తర్వాత వారం రోజులు దగ్గింది కూడా.

మా ఆయన పేపరు వెనకనుంచి, "నీకు అల్లడం వచ్చా?" అన్నారు.

"నేర్చుకుంటాను."

"అయితే అమ్మాయి ఇక్కడే ఉంటుందన్నమాట" అని పేజీ తిప్పారు.

నామీద ఒట్టు, అప్పటిదాకా నాకా ఆలోచన లేదు. ఆయనే పెట్టారు. పెట్టాక పోలేదు.

మా వీధి చివర సైకిళ్ళు బాగుచేసే దుకాణం ఉంది. దాని పైన రెండు గదుల్లో 'ఊలు, ఊపిరి' అని బోర్డు పెట్టి అల్లిక నేర్పుతున్నారు. కింద చిన్న అక్షరాల్లో 'మూలాలకు తిరిగి వెళ్దాం' అని కూడా ఉంటుంది. మెట్లు ఇరుకు. పిట్టగోడకు మూడు ఇటుకలు లేవు. మూలాలకు వెళ్ళే దారి ఇంత ప్రమాదమా అనుకుంటూ గోడ పట్టుకుని ఎక్కాను.

నేర్పే ఆవిడను మేమంతా వెనకాల 'ప్రశాంతం మేడం' అనేవాళ్ళం. ఆవిడ ఏ పని చెప్పినా 'ప్రశాంతంగా' అని చివర తగిలించేది. మొదటిరోజు మా అందరి చేతుల్లో గొర్రె ఒంటిమీదనుంచి వచ్చింది వచ్చినట్టున్న ముడి ఊలు ముద్ద ఒకటి పెట్టింది.

"కళ్ళు మూసుకోండి. ఈ ఊలు మీతో ఏమంటోందో వినండి. ప్రశాంతంగా."

నా పక్కన రిటైరైన బ్యాంకు మేనేజరు గారు కూర్చునేవారు. ఆయన ఒక కన్ను తెరిచి, "స్నానం చేయించమంటోంది" అన్నారు.

"మీతోనండీ?" అని నన్నడిగింది మేడం.

"ఇది ముట్టుకుంటే దద్దుర్లు వస్తాయేమో కనుక్కోమంటోంది."

మేడం నోటుపుస్తకంలో ఏదో రాసుకుంది. ఎవరి గురించైనా నోటుపుస్తకంలో రాశారంటే నాకు నిద్ర పట్టదు.

రెండో వారం ఊలు దువ్వడం, మూడో వారం తకిలితో వడకడం. తకిలి అంటే తెలుసుగా, బొంగరంలా తిప్పి వదిలితే ఊలును మెలిపెట్టి దారంగా దింపే పుల్ల. అందరి దారాలూ పుటుక్కున తెగి తకిలి నేలమీద పడుతుంటే, నాది ఒక్కసారీ తెగలేదు. తెగకూడదని అంత మెలి పెట్టాను. చివరికది పాత టెలిఫోను తీగలా చుట్టలు చుట్టుకుపోయింది. మేనేజరు గారు ఒక కొస పట్టుకుని చెవి దగ్గర పెట్టుకుని, "హలో, గొర్రె ఉందాండీ?" అన్నారు. గదంతా నవ్వింది. నేను మాత్రం తేదీ చూసుకున్నాను.

"మేడం, స్వెటరు ఎప్పుడు మొదలుపెడతాం?"

"స్వెటరు గమ్యం అండీ. మనకు ముఖ్యం ప్రయాణం."

"నాక్కూడా ప్రయాణమే ముఖ్యం మేడం. పదో సోమవారం పొద్దున ఎనిమిదింటికి."

నాలుగో వారం రంగులద్దడం. ఉల్లిపొట్టు, పటిక, పెద్ద గిన్నె. ఎవరికి కావలసిన రంగు వాళ్ళు మనసులో తలుచుకోమంది. మేనేజరు గారు నీలం తలుచుకున్నారు. నేను ఎర్రది తలుచుకున్నాను, మంచులో తప్పిపోతే దూరానికి కనిపిస్తుందని. గిన్నెలోంచి తీస్తే అందరిదీ ఆవపిండి రంగే. "ప్రకృతి ఎంపిక" అంది మేడం. ఉల్లిపొట్టు వేస్తే ఉల్లిపొట్టు రంగే వస్తుందని చెప్పడానికి ప్రకృతి దాకా ఎందుకో నాకు అర్థం కాలేదు.

అయిదో వారానికి గానీ సూదులు చేతికి రాలేదు. ముందు అరచేయంత ముక్క అల్లి చూపించమంది. నేను అల్లిన ముక్క బల్లమీద పెడితే దానంతటదే నిలబడింది. మేనేజరు గారు దానిమీద వేడి టీ గ్లాసు పెట్టుకుని, "బల్లకు సెగ తగలడం లేదమ్మా. గట్టి సరుకు" అన్నారు.

"మీ బిగువు తగ్గాలండీ" అంది మేడం. "భుజాలు వదలండి. చేతులు వదలండి."

"వదిలితే కుట్లు జారిపోతాయి కదా మేడం."

"జారితే జారనివ్వండి."

ఈవిడకు పిల్లలు లేరని ఆ క్షణంలో నిర్ణయించుకున్నాను. తర్వాత తెలిసింది, ముగ్గురట. ఏం పెంచిందో, ఎలా పెంచిందో.

అనుకున్నంతా అయింది. వెనకభాగం జానెడు అల్లానో లేదో, ఒక కుట్టు సూది మీదనుంచి జారి, నిచ్చెన మెట్లు దిగినట్టు ఆరు వరసలు కిందికి దిగిపోయింది. నేను వేసిన కేకకు కింద దుకాణంలోంచి సైకిళ్ళాయన చేతిలో పానాతో పైకి పరిగెత్తుకొచ్చాడు. "ఎవరు? ఎక్కడ?" అంటాడు. మేడం కొక్కెం ఉన్న క్రోషా సూది తీసి, జారిన కుట్టును ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ నిమిషంలో పైకి తెచ్చి సూదికి తగిలించింది. అప్పుడు ఇంకో సంగతి కూడా చెప్పింది. ఒక నూలుదారాన్ని ఆ వరసలోని కుట్లన్నిటి గుండా దూర్చి ఉంచితే, పైన ఏం జరిగినా కుట్లు ఆ దారం దగ్గర ఆగిపోతాయి. దాన్ని కాపుదారం అంటారు. పనయ్యాక లాగేస్తే సరి.

"ఇరవై వరసలకు ఒకటి వేసుకోండి, చాలు" అంది.

ఇన్ని వారాల్లో ఆవిడ చెప్పిన పనికొచ్చే మాట అదొక్కటే. దాన్ని నేనేం చేశానో వినండి.

తెల్లదారం వేస్తే ఆవపిండి రంగు మీద కట్టు కట్టినట్టు కనపడింది. అందుకని ఇంటికి తెచ్చుకున్న ఉల్లిపొట్టు నీళ్ళలోనే నూలు కూడా ముంచాను. ఇక దారం ఎక్కడుందో దేవుడికి కూడా కనపడదు. దూర్చిన దారం ఊరికే ఊడిపోతే? రెండు కొసలూ అంచుకు ముడివేశాను. ముడి వదులైతే? ఇంకో ముడి. ఇరవై వరసలంటే మరీ దూరమనిపించి పదికొకటి వేశాను. ఏదో కొండమీద గాలికి ఇంటి రేకులు లేచిపోయాయని టీవీలో చూపించిన రోజునుంచి నాలుగింటికొకటి.

ఆ వారమే మా అమ్మాయి శిక్షణకని కింద ఆఫీసుకు వెళ్ళి ఆఫీసు వ్యానులో తిరిగొచ్చింది.

"వ్యాను ఎవరు నడుపుతారు?" అన్నాను.

"డ్రైవరు బాబాయ్. చాలా మంచాయన. ఖాళీ దొరికితే మేజోళ్ళు అల్లుతాడు. నీలాగే."

"డ్రైవరుకు ఖాళీ ఎప్పుడు దొరుకుతుంది?"

"కొండ దారిలో రాళ్ళు పడి బండ్లు ఆగిపోయినప్పుడు."

ఒక్క వాక్యంలో రెండు వార్తలు. రాళ్ళు పడతాయి. స్టీరింగు ముందు కూర్చున్న మనిషి చేతుల్లో సూదులుంటాయి. ఆ రోజునుంచి వరసకో కాపుదారం.

స్వెటరు కిందనుంచి పైకి అల్లుతారు. అంచు దగ్గర నాకు కాస్త ధైర్యం ఉంది. నడుము దాటాక తగ్గింది. మెడ దగ్గరికొచ్చేసరికి ఊలెంతో దారమంత.

తొమ్మిదో వారం గురువారం మధ్యాహ్నానికి మెడపట్టీ ఒక్కటే మిగిలింది. సూదులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్నాను. మా ఆయన వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"ఏమోయ్, ఆగిపోయిందేం?"

"చేతులు నొప్పి."

"నొప్పి అయితే ఆపేయ్. సోమవారం దాటితే ఎవరేమంటారు? ప్రయత్నించావు, కాలేదు. అంతే కదా" అన్నారు. ఆయన వెక్కిరించడం లేదు. ఆయనకూ ఒక్కతే కూతురు.

పక్క గదిలో మా అమ్మాయి కొత్త బూట్లు తొడుక్కుని గోడ నుంచి గోడకు నడుస్తోంది. మెత్తబడాలట, లేకపోతే పైన కాళ్ళు కొరుకుతాయట. టకటకా వెళ్తుంది, ఆగుతుంది, టకటకా తిరిగొస్తుంది. మా ఇంట్లో ఆ గది ఏడడుగులు. ఏడడుగుల్లో కొండెక్కడం సాధన చేస్తోంది పిల్ల. కాసేపు విన్నాను. విని, సూదులు అందుకున్నాను.

ఆదివారం సాయంత్రానికి ముందుభాగం, వెనకభాగం, చేతులు కలిపి కుట్టేశాను. మా అమ్మాయి అప్పుడే వేసుకుని చూస్తానంటే, "వద్దు, ఇస్త్రీ పెట్టాలి" అన్నాను. నలుగుతుందేమోనని భయం.

సోమవారం ఎనిమిదింటికి వ్యాను వచ్చింది. కొండ అడుగున గేటు పదకొండింటికి మూసేస్తారు. ఆ తర్వాత పైకి బండి వెళ్ళనివ్వరు, మర్నాడే. ఇక్కడనుంచి గేటుకు రెండున్నర గంటలు. పెట్టెలన్నీ ఎక్కించాక మా అమ్మాయి చేతులు పైకెత్తింది. మా ఆయనా నేనూ చెరోవైపు పట్టుకుని స్వెటరు దించాం. నుదుటి దాకా దిగి ఆగింది.

"లాగండి" అంది లోపలినుంచి.

లాగాం. ఇనప గొట్టంలా ఉంది, ఇసుమంతైనా సాగలేదు.

"అమ్మా, ఇరుక్కుపోయాను."

"ఊపిరాడుతోందా? చెప్పు, ఊపిరాడుతోందా?"

"నువ్వు జుట్టు వదిలితే ఆడుతుంది!"

ఎలాగో బయటికి లాగాం. జుట్టంతా లేచిపోయి, ముక్కు ఎర్రబడి, గోడ గడియారం కేసి చూసింది. ఎనిమిదీ పది. స్వెటరును ఒళ్ళో పరుచుకుని బూట్లు వేసుకున్న కాళ్ళతోనే కుర్చీలో కూర్చుంది. వేసుకోకుండా వెళ్ళనని మాటిచ్చిన పిల్ల. "సంచిలో పెట్టుకుని వెళ్ళనా?" అని కూడా అడగలేదు. అడిగితే నేను కాదంటానని భయమో, ఔనని చెప్పి ఏడుస్తానని భయమో.

నేను చెయ్యవలసిందల్లా ఏమీ చెయ్యకపోవడమే. ఇంకో అరగంట నోరు మూసుకుంటే చాలు, గేటు అందదు.

డ్రైవరు గుమ్మంలోకి వచ్చాడు. పొట్టిగా, లావు వేళ్ళతో, మోకాళ్ళ దాకా రెండు రంగుల మేజోళ్ళతో ఉన్నాడు. "ఏం తల్లీ, టైమవుతోంది" అన్నాడు. మా అమ్మాయి స్వెటరు పైకెత్తి చూపించింది. అతను దాన్ని అందుకుని రెండు చేతుల్తో అడ్డంగా సాగదీశాడు. కదల్లేదు. మెడ దగ్గర బొటనవేలితో మెల్లగా తడిమాడు.

"ఇందులో ఏముందమ్మా?" అన్నాడు నాతో.

అందరూ నన్నే చూస్తున్నారు. 'ఏముంటుంది, ఊలే' అనొచ్చు. ఆ మాట నాలుక మీదే ఉంది.

"దారాలు" అన్నాను.

"ఏం దారాలు?"

"కాపుదారాలు."

"ఎన్ని?"

"కింద తక్కువే బాబూ. పైకి పోయేకొద్దీ..."

"పైన?"

"వరసకొకటి. రెండువైపులా ముళ్ళు. రెండేసి."

డ్రైవరు స్వెటరును ఒకసారి తిరగేసి చూశాడు. "ఇరవయ్యేళ్ళుగా అల్లుతున్నానమ్మా. పెద్ద పనికి నాలుగు కాపుదారాలు వేస్తే పిరికివాణ్ణని మా ఆవిడ నవ్వుతుంది. మీరు స్వెటరు అల్లలేదు, పిల్లకు తాళం వేశారు."

మా ఆయన దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నారు. మా అమ్మాయి నవ్వలేదు. నన్నే చూస్తోంది.

డ్రైవరు చొక్కా జేబులోంచి చిన్న కత్తెర తీసి నా చేతిలో పెట్టాడు. "ఒకవైపు ముడి కత్తిరించండి, రెండోవైపునుంచి లాగండి. నేను చెయ్యలేను. ఎక్కడుందో వేసినవాళ్ళకే తెలుస్తుంది. తొందరగా, కానీ ఊలు తెగకుండా."

తొందరగా, ఊలు తెగకుండా! అలా చెప్పడం ఎంత తేలికో.

కిటికీ దగ్గర కూర్చుని మొదటి ముడి కత్తిరించాను. దారం సర్రున వస్తుందనుకున్నాను. రాలేదు. నేను అంత బిగించాను మరి. వేలికి చుట్టుకుని కొంచెం కొంచెంగా లాగుతుంటే, మెడపట్టీ ముడుచుకుని, మళ్ళీ విప్పారింది. రెండోది. మూడోది. మా అమ్మాయి నేలమీద కూర్చుని తీసిన దారాలు చేతిలోకి తీసుకుంటోంది. మా ఆయన గడియారం చూసి "ఎనిమిదింబావు" అన్నారు. డ్రైవరు "చెప్పకండి సార్, చెప్తే చేతులు వణుకుతాయి" అన్నాడు. ఇరవై మూడు దారాలు తీశాను. ఇరవై మూడోది తీసేసరికి మెడ ఉన్నట్టుండి వదులైంది, పట్టుకున్న ఊపిరి వదిలినట్టు.

చేతులెత్తింది. దించాం. తల బయటికొచ్చింది. జుట్టు ఇంకా చెడింది గానీ మొహం వెలిగిపోతోంది.

"మిగతావి?" అన్నాను.

"తల పట్టింది, చాలు. మిగతావి పైన తీరిగ్గా తీసుకుంటుంది" అన్నాడు డ్రైవరు, అప్పటికే వ్యాను వైపు నడుస్తూ. ఎనిమిదిన్నరకు రెండు నిమిషాలు తక్కువ.

మా అమ్మాయి నన్ను గట్టిగా పట్టుకుంది. ఆ స్వెటరు నిజంగానే గరుకు, నాకు చెంప మండింది. తర్వాత వంగి వ్యాను ఎక్కుతుంటే చూశాను. వీపు మీద, మెడకు నాలుగు వేళ్ళ కింద, ఒక కుట్టు లేదు. దాని చోట కన్నం. ఎప్పుడో జారిపోయిన కుట్టు, దారం ఉంది కాబట్టి ఇంతకాలం ఆగింది. ఆ దారం ఇప్పుడే నా చేత్తో లాగేశాను.

"ఆగండి! ఆగండి!" అని చేతులూపుకుంటూ పరిగెత్తాను. మా అమ్మాయి కిటికీలోంచి అంతకన్నా హుషారుగా చెయ్యి ఊపింది. వ్యాను మలుపు తిరిగింది.

ఫోను చేశాను. "వీపు మీద కుట్టు జారింది! కన్నం! దిగిపోతుంది!"

"కన్నమట బాబాయ్" అని లోపల చెప్పడం వినపడింది. డ్రైవరు గొంతు, "ఎక్కడిదాకా దిగుతుందట? కింద మీ అమ్మగారి దారం ఉంది కదా, అక్కడ ఆగుతుంది" అంది. ఆ తర్వాత ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వుతూ డ్రైవింగు ప్రమాదం అని చెప్పేలోపు ఫోను పెట్టేశారు. గేటు పదకొండుకు అయిదు నిమిషాల ముందు దాటారట.

శనివారం మామూలుగా క్లాసుకు వెళ్ళాను. మేనేజరు గారు టీ గ్లాసు పెట్టుకున్న నా అల్లిక ముక్కను మేడం గోడకు మేకు కొట్టి తగిలించింది. కింద 'ఆందోళన, సహజ వర్ణంలో' అని చీటీ. అందరినీ కళ్ళు మూసుకోమని, "ఈ వారం మీరు దేన్ని వదిలారు?" అని అడిగింది.

"రెండు వరసలు వదిలేశాను. మళ్ళీ విప్పాలి" అన్నారు మేనేజరు గారు.

"మీరు?"

"మా అమ్మాయిని."

మేడం నోటుపుస్తకం మూసేసి, "ఎలా ఉందండీ? ప్రశాంతంగా ఉందా?" అంది.

"లేదు" అన్నాను.

రోజూ నాలుగింటికి మా అమ్మాయి ఆఫీసుకు చెప్పాల్సినవి చెప్పేసి నాకు ఫోను చేస్తుంది. గాలి పడమటినుంచి, చలి ఇంత, మబ్బు కొండ నడుము దాకా. చివర, "కన్నం చిటికెన వేలి గోరంత. నిన్నటంతే."

రెండో వారం డ్రైవరు కిందికొచ్చినప్పుడు మా అమ్మాయి మందపాటి మేజోళ్ళు పట్టుకెళ్ళడానికి మా ఇంటికొచ్చాడు. నేను అతని మీద విరుచుకుపడ్డాను. "క్రోషా సూది నీ దగ్గరుంటుందిగా బాబూ! నిమిషం పని. ఆ కుట్టు ఎత్తి కట్టేయలేకపోయావా?"

"గేటు దగ్గరే కట్టబోయానమ్మా. మీ అమ్మాయే వద్దంది."

"ఎందుకు వద్దంది?"

డ్రైవరు తన మేజోళ్ళ కేసి చూసుకున్నాడు. "'అమ్మకు రోజూ అడగడానికి ఏదో ఒకటి కావాలి బాబాయ్. ఇదైతే చిన్నది' అంది."

ఎంత కోపం వచ్చిందంటే, అతనికి టీ ఇచ్చి కప్పు కింద సాసరు పెట్టడం మరిచిపోయాను. మా అమ్మాయి వదిలి వెళ్ళిన ఇరవై మూడు దారాలూ సొరుగులోంచి తీసి మళ్ళీ సొరుగులో పెట్టాను. ఈ రోజునుంచి అడగనే అడగను అనుకున్నాను. నాలుగింటికి ఫోను మోగింది.

గాలి ఉత్తరంనుంచట. చలి కొంచెం పెరిగిందట. మబ్బు లేదట. అక్కడ ఆగింది.

నేనూ ఆగాను. ఎంతసేపని ఆగను?

"కన్నం?"

"నిన్నటంతే అమ్మా."

"స్కేలు పెట్టి చూశావా?"

"పెట్టాను."

"ఎవరి స్కేలు?"

"ఆఫీసుది."

ఆఫీసు స్కేలంటే కాస్త నమ్మొచ్చు. అయినా ఆరింటికి ఇంకోసారి కొలవమన్నాను.